డ్రోన్‌కి ఏడీఎస్-బీ రిసీవర్ పెట్టిస్తే సరిపోతుందా?

సర్వే డ్రోన్‌కి ఏడీఎస్-బీ రిసీవర్ (విమానాలు తామెక్కడున్నాయో చెబుతూ పంపే సిగ్నల్‌ని పట్టేది) పెట్టించాను, ఇక కంటికి కనపడనంత దూరం పంపినా వేరే విమానాలకి అడ్డం రాదు కదా అని అడిగారు. సరిపోదండి, నేనూ మొదట్లో అలాగే అనుకుని కంగుతిన్నవాణ్ణే.

ఓసారి మ్యాపింగ్ చేస్తుంటే స్క్రీన్ మీద హెలికాప్టర్ గుర్తు వచ్చింది, ఎత్తు చూస్తే మన డ్రోన్‌కి బాగా పైన ఉన్నట్టుంది, సరేలే అని ఇంకో లైన్ ఎగరేశా, చప్పుడు విని తలెత్తితే అది అనుకున్నదానికన్నా చాలా కిందుగా వస్తోంది, గుండె గుభేల్‌మంది, గబగబా డ్రోన్ దింపేశా. తర్వాత లెక్క చూస్తే అర్థమైంది. ఏడీఎస్-బీలో మామూలుగా వచ్చే ఎత్తు 1013.25 హెక్టోపాస్కల్స్ ప్రామాణిక ఒత్తిడిని బట్టి కట్టింది, డ్రోన్ చూపించేదేమో టేకాఫ్ అయిన చోటు నుంచి. ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి తీసివేస్తే ఎలా? గాలి ఒత్తిడి ఆ ప్రామాణికం కన్నా 10 హెక్టోపాస్కల్స్ తక్కువున్న రోజు అదొక్కటే 80 మీటర్ల పైచిలుకు తేడా తెస్తుంది, అదీ విమానం ఉన్నదానికన్నా పైన ఉన్నట్టు. చిన్న డ్రోన్లకి ఏఎస్‌టీఎమ్ అనే ప్రమాణాల సంస్థ విమానాలతో ఉండాలని పెట్టుకున్న ఎడం నిలువునా 250 అడుగులు, అంటే 76 మీటర్లు. మొత్తం అందులోనే పోయింది!

ఇంకోటి, ఆ రిసీవర్ సిగ్నల్ పంపేవాళ్లనే వింటుంది. గ్లైడర్లు, పారాగ్లైడర్లు, బెలూన్లు చాలావరకు ఏమీ పంపవు. వాటికి రాడారో కెమెరానో కావాలి. రాడార్‌కి పక్షులతో తలనొప్పి. కెమెరాతో ఇంకో తిరకాసు, మనల్ని గుద్దే దారిలో సూటిగా వచ్చే విమానం ఫ్రేమ్‌లో పక్కకి జరగదు, ఉన్నచోటే చుక్కలా ఉండి చివర్లో ఒక్కసారిగా పెద్దదవుతుంది, కదిలేవాటినే పట్టే సాఫ్ట్‌వేర్ దాన్ని వదిలేస్తుంది.

120 నాట్ల హెలికాప్టర్ సెకనుకి 60 మీటర్ల పైనే వస్తుంది, 2 కిలోమీటర్ల దూరంలో కనపడినా అర నిమిషమే, అందులో లింక్ ఆలస్యం, మీరు తేల్చుకునే టైమూ పోవాలి. అందుకే నేను ఎత్తు అంకె చూసి ఊరుకోవడం మానేశా, అడ్డంగా దగ్గరకొస్తుంటే చాలు దింపేస్తా, దిగే చోట చెట్లూ కరెంటు తీగలూ లేకుండా ముందే చూసుకుంటా.

కంగారులో ఆర్‌టీహెచ్ (రిటర్న్ టు హోమ్, బయల్దేరిన చోటికి వెనక్కి రప్పించే) బటన్ మాత్రం నొక్కకండి, చాలా డ్రోన్లు ముందు సెట్ చేసిన ఎత్తుకి పైకి లేచి ఆ తర్వాతే వెనక్కి తిరుగుతాయి, నేరుగా హెలికాప్టర్‌కి ఎదురెళ్లినట్టే.