71 ఏళ్ల మీ అత్తగారికి చలన భత్యం గురించి

నమస్కారం అండీ. ఇంగ్లాండ్‌లో ఉంటున్న 71 ఏళ్ల మీ అత్తగారు నడవలేకపోతున్నా చలన భత్యం ఎందుకు రాదని, అదే వయసున్న పక్కింటావిడకు మోటబిలిటీ కారు (చలన భత్యానికి బదులుగా అద్దెకు ఇచ్చే కారు) ఎలా వచ్చిందని అడిగారు. తేడా అంతా మొదటి దరఖాస్తు ఎప్పుడు చేశారన్న దానిలోనే ఉంటుంది. చలన భత్యం అనేది పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్ అనే వైకల్య భత్యంలో ఒక భాగం. ఆ పేమెంట్‌కు ప్రభుత్వ పింఛను వయసు దాటాక సాధారణంగా కొత్తగా దరఖాస్తు చేయలేరు. ఆ లోపే మంజూరైనవారికి మాత్రం అర్హత ఉన్నంతకాలం అది కొనసాగుతుంది. పక్కింటావిడ విషయంలో బహుశా ఇదే జరిగి ఉంటుంది. ఇది న్యాయంగా లేదన్న మీ మాటతో నేనూ ఏకీభవిస్తాను, కానీ నిబంధన అదే.

మీ అత్తగారు అడగవలసినది అటెండెన్స్ అలవెన్స్, అంటే పింఛను వయసు దాటి, రోజువారీ పనులకు ఇతరుల సాయం అవసరమైనవారికి ఇచ్చే భత్యం. దీనిలో చలన భాగం లేదు కనుక, దీని ఆధారంగా మోటబిలిటీ కారు రాదు. అయితే ఆదాయంతో, పొదుపుతో నిమిత్తం లేకుండా దీన్ని ఇస్తారు; 2025-26లో ఇది వారానికి 73.90 పౌండ్లు, పగలూ రాత్రీ కూడా సాయం అవసరమైతే 110.40 పౌండ్లు ఉండేది. సాయం అవసరం కనీసం 6 నెలలుగా ఉండాలి. ప్రస్తుతం ఎవరూ సాయం చేయకపోయినా, అవసరం ఉంటే చాలు. ఫారంలో "మోకాళ్ల నొప్పి" అని రాసి వదిలేయకుండా, స్నానానికి, బట్టలు వేసుకోవడానికి, రాత్రి మరుగుదొడ్డికి లేవడానికి ఎవరి చేయి ఎన్నిసార్లు కావాలో వివరంగా రాయించండి. చాలామంది పెద్దలు మొహమాటంతో ఇక్కడే తగ్గించి చెబుతారు.

వికలాంగులకు ఇచ్చే పార్కింగ్ అనుమతి కార్డు అయిన బ్లూ బ్యాడ్జ్‌కు వయోపరిమితి లేదు, దాన్ని స్థానిక కౌన్సిల్‌లో విడిగా అడగండి.