విల్ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తీసెయ్యాలి

చిరంజీవి సౌజన్యకు,

పెద్దనాన్న ఆశీస్సులు. ఇంటర్వ్యూ కోసం నువ్వు రాసి పంపిన సెల్ఫ్ ఇంట్రడక్షన్ చదివాను. విషయం బాగుంది కానీ నీ ఇంగ్లీషులో ఎక్కడ చూసినా ‘విల్’ అనే మాటే! సగం తీసెయ్యాలి.

‘ఐ విల్ గెట్ అప్ ఎట్ ఫైవ్ ఎవ్రీ డే’ అని రాశావు. నీకు అలవాటున్న సంగతే చెప్పావు. వినేవాళ్లకి మాత్రం ఇకమీదట ఐదింటికి లేస్తానని మాటిస్తున్నట్టు ఉంటుంది. మన తెలుగువాళ్లలో చాలామంది ఇక్కడే పడతారు. మనకి ‘రోజూ లేస్తాను’ అన్నా, ‘రేపు లేస్తాను’ అన్నా క్రియ ఒకటే. ఇంగ్లీషులో వేరు. అందుకని లేస్తాను, చేస్తాను అని మనసులో మెదలగానే ముందు ‘రోజూ’ తగిలించి చూడు. నువ్వు చెప్పదలచుకుంది అదే అయితే విల్ వద్దు, ‘ఐ గెట్ అప్ ఎట్ ఫైవ్’ చాలు. ‘రేపు’ అయితే విల్ పెట్టుకో.

మీ నాన్న గురించి ‘హి విల్ డూ అగ్రికల్చర్’ అన్నావు. వాడు ఊహ తెలిసినప్పటి నుంచీ పొలంలోనే ఉంటే, వచ్చే ఏడు మొదలుపెడతాడన్నట్టు రాశావేమిటమ్మా? ‘హి ఈజ్ ఎ ఫార్మర్’ అను.

విల్ తర్వాత క్రియ అసలు రూపంలోనే ఉండాలి. ఐ విల్ గో, షి విల్ గో. విల్ గోస్, విల్ టు గో, విల్ కెన్ లాంటివి వద్దు. ‘ఐ విల్ హ్యాపీ టు జాయిన్’లో బి ఎగిరిపోయింది, చూసుకో.

‘ఇఫ్ ఐ విల్ గెట్ దిస్ జాబ్’ కూడా తప్పే. ఉద్యోగం వస్తే అనే ముక్కలో విల్ రాదు, ఏం చేస్తావో చెప్పే ముక్కలో వస్తుంది: ‘ఇఫ్ ఐ గెట్ దిస్ జాబ్, ఐ విల్ మూవ్ టు హైదరాబాద్.’ వచ్చాక, వచ్చేదాకా అనే చోట్ల వాడే ఆఫ్టర్, అంటిల్‌కీ ఇదే పద్ధతి. వెన్‌కీ అంతే. కాకపోతే ఎప్పుడొస్తావని అడిగేటప్పుడు ‘వెన్ విల్ యు కమ్?’ అని నిక్షేపంలా అనొచ్చు.

ఇంకోటి. అప్పటికప్పుడు అనుకున్నదానికి విల్, ముందే అనుకుని ఉన్నదానికి గోయింగ్ టు. కాలింగ్ బెల్ మోగితే ‘ఐ విల్ ఓపెన్ ఇట్’ అంటూ లేస్తాం. కానీ ఈ ఏడాది ఏం నేర్చుకుంటావని వాళ్లడిగితే ‘ఐ యామ్ గోయింగ్ టు లెర్న్ పైథాన్’ అను. విల్ అంటే ఆ క్షణాన తట్టినట్టుంటుంది.

ఐ, వుయ్ పక్కన షల్ ఉండాలని మాకు నేర్పారు. నువ్వు ఆ టెన్షన్ పెట్టుకోకు, విల్ అంటే ఎవరూ తప్పు పట్టరు. ‘షల్ వుయ్ స్టార్ట్?’ లాంటి ప్రశ్నల్లో మాత్రం షల్లే బాగుంటుంది.

పైకి చదివేటప్పుడు వోంట్ (అంటే విల్ నాట్) దగ్గర జాగ్రత్త. ‘ఐ వోంట్ లీవ్’ అనబోయి వాంట్ అన్నావంటే, చేరకముందే సెలవు కావాలన్నట్టు వినిపిస్తుంది. సరిచేసిన కాపీ ఆదివారంలోపు వాట్సాప్‌లో పెట్టు, చదివి ఫోన్ చేస్తాను.

ఇట్లు,
పెద్దనాన్న