రెండు బ్రాకెట్ల గుణకారం, ఒక్క డబ్బా

ప్రశ్న: సార్, మా పాప 8వ తరగతి, (ఎక్స్+3)(ఎక్స్+2) ఇస్తే ప్రతిసారీ ఎక్స్ స్క్వేర్ + 6 అనే రాస్తోంది, ఎన్నిసార్లు చెప్పినా అంతే, ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ఫార్ములా కొన్నాళ్లు పక్కన పెట్టేయండి. ముందు 23×14 చేయించండి, ఒక డబ్బా గీసి నాలుగు గదులు చేసి పైన 20, 3, పక్కన 10, 4 రాస్తే గదుల్లో 200, 30, 80, 12 వస్తాయి, కూడితే 322. ఇప్పుడు అదే డబ్బాకి పైన ఎక్స్, 3, పక్కన ఎక్స్, 2 పెట్టమనండి. ఎక్స్ స్క్వేర్, 3ఎక్స్, 2ఎక్స్, 6... పాప వదిలేస్తున్న రెండు గదులు తనకే కనిపిస్తాయి, మొత్తం ఎక్స్ స్క్వేర్ + 5ఎక్స్ + 6.

చార్టు ముక్కలు కత్తిరించి (ఎక్స్ స్క్వేర్‌కి ఎక్స్ భుజం చదరం, ఎక్స్‌కి ఎక్స్ పొడవు 1 వెడల్పు పట్టీ, 1కి చిన్న చదరం) ఒక్కో గదిని దాని వైశాల్యంగా చూపిస్తే ఇంకా మంచిది, కాకపోతే 1 ముక్క భుజం సెంటీమీటరు అయితే ఎక్స్ పొడవు 5 సెంటీమీటర్లు పెట్టకండి, 5 ముక్కలు సరిగ్గా సరిపోయి ఎక్స్ అంటే 5 అనుకుంటారు పిల్లలు, ఏ 5.3నో పెట్టండి.

మైనస్ వస్తే మాత్రం వైశాల్యం అని చెప్పడం కుదరదు (మైనస్ వైశాల్యం ఎక్కడుంటుంది!), డబ్బాని ఉత్త పట్టికలా వాడి గుర్తులతో సహా నింపించండి: (ఎక్స్−3)(ఎక్స్+2) అంటే ఎక్స్ స్క్వేర్ − ఎక్స్ − 6.