ఫోన్ నెమ్మదించిందని చీటీ ఆపకండి

ప్రశ్న: మెడికల్ షాపులో పనిచేస్తాను. జీతం 28 వేలు. నాలుగేళ్ల నాటి ఫోన్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్. కౌంటర్ దగ్గర మనిషి నిలబడి ఉన్నా యూపీఐ యాప్ తెరుచుకోదు. 48 వేల ఫోన్‌ను క్రెడిట్ కార్డు మీద నో కాస్ట్ ఈఎంఐలో తీసుకుందామనుకుంటున్నాను. నెలకు 4 వేలు, 12 నెలలు. ఇప్పుడు కడుతున్న 5 వేల చీటీకి ఇంకా 9 వాయిదాలున్నాయి. దాన్ని ఆపేయనా?

జవాబు: ఆపొద్దు. మధ్యలో మానేస్తే కట్టిన సొమ్ము వెంటనే చేతికి రాదు, కమీషన్ కోత కూడా పడుతుంది.

ముందు సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరవండి. 64లో 60 దాకా నిండిపోతే ఏ ఫోనైనా తడుముకుంటుంది. పోయిన నెల మా అమ్మ ఫోన్‌లో పేరుకుపోయిన వాట్సాప్ వీడియోలే 19 జీబీ తీసేశాను. ఇప్పుడు నొక్కగానే ఫోన్‌పే తెరుచుకుంటోంది. ఛార్జింగ్ 20 శాతం ఉండగానే ఫోన్ ఆగిపోతుంటే మాత్రం బ్యాటరీ అరిగినట్టే, మార్పించండి. పాత బ్యాటరీ ఉన్న ఐఫోన్లలో ప్రాసెసర్ వేగాన్ని తగ్గిస్తున్నామని 2017 డిసెంబరులో ఆపిల్ కంపెనీయే ఒప్పుకుంది. బ్యాటరీ మార్చే ధరను 79 డాలర్ల నుంచి 29కి దించింది కూడా. అన్ని ఫోన్లూ అలా చేయవు. అయినా ఫోన్ మధ్యలో ఆగిపోకుండా ఉండటం మీ కౌంటర్‌లో చిన్న విషయం కాదు.

ర్యామ్‌ను, అంటే యాప్‌లు నడిచేటప్పుడు ఫోన్ వాడుకునే తాత్కాలిక మెమరీని మాత్రం తర్వాత పెంచుకోలేం, అది బోర్డుకే అతికి వస్తుంది. వర్చువల్ ర్యామ్ అని కనిపించేది స్టోరేజ్‌లో ఒక ముక్కను వాడుకోవడమే, అసలు ర్యామ్ వేగం దానికి రాదు. కాబట్టి పై రెండూ చేసినా తీరకపోతే ఫోన్ మార్చాల్సిందే. కానీ 48 వేలది అక్కర్లేదు. 4 నుంచి 8 జీబీకి వెళ్తే మీకు తేడా తెలుస్తుంది. 8 నుంచి 12కి వెళ్తే యూపీఐ, వాట్సాప్, యూట్యూబ్ వాడే మీకు పెద్దగా తెలియదు. ఖరీదైన ప్రాసెసర్ పెద్ద గేములాడేవాళ్లకు పనికొస్తుంది. ఫోన్ స్టోరేజ్‌లో ఈఎంఎంసీ, యూఎఫ్‌ఎస్ అని రెండు రకాలుంటాయి, ఏదో షాపులో అడగండి. యాప్ తెరుచుకునేది స్టోరేజ్ నుంచే. యూఎఫ్‌ఎస్ 2.2 వేగం ఈఎంఎంసీకి దాదాపు మూడు రెట్లు. ఇలాంటి ఫోన్ 20 వేల చుట్టుపక్కల వస్తుంది.

నో కాస్ట్ అంటే వడ్డీ లేదని కాదు. బ్యాంకు వేసే వడ్డీని అమ్మేవాళ్లు డిస్కౌంట్‌గా ముందే తగ్గిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీ జేబులోంచే పోతుంది. మీ 48 వేల ఫోన్‌కు ఏడాదికి 15 శాతం లెక్కన వడ్డీ సుమారు 3,700, దానిపై జీఎస్టీ 660 దాకా అవుతుంది. ప్రాసెసింగ్ ఫీజు వేరు. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని 2013లోనే ఆర్‌బీఐ బ్యాంకులకు రాసింది.

వీలైతే నెలకు 2 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. చీటీ ముగిసే 9 నెలలకు 18 వేలు చేతిలో ఉంటాయి. పాత ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చి, మిగతాది ఒకేసారి కట్టేయండి. అప్పుడు ఫోన్ ధర ఎంత తగ్గిస్తారో కూడా అడగండి.