మంచి కరెంటు కోసం అమ్మాయి ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడిని. పదేళ్లుగా కూడబెట్టుకుని, కర్ణాటక సంగీతం వినడానికి ఆరున్నర లక్షలతో ఆంప్లిఫయర్, స్పీకర్లు, రికార్డు ప్లేయర్ సమకూర్చుకున్నాను. సాయంత్రం వోల్టేజీ పడిపోతుంది. స్పీకర్లలో సన్నగా గుయ్యిమనే మోత వినిపిస్తోంది. కరెంటులోని రొదను వడగట్టే పవర్ కండిషనర్‌కు 1,40,000, విదేశీ పవర్ కేబుళ్లకు 60,000, ఎర్తింగ్‌కు 35,000, మొత్తం 2,35,000 రూపాయలు అవుతుందని డీలరు చెప్పారు. అమ్మాయి ఇంజినీరింగ్ కోసం వేసిన మూడు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. అది తీసి ఈ పని చేయించవచ్చా? నెలకు ఏడు వేలు మిగులుతుంది. ఇంటి బీమా తీసుకుంటే ఈ సామానుకు రక్షణ ఉంటుందా?

జవాబు: మాస్టారూ, పదేళ్లు కూడబెట్టి కొనుక్కున్న సంగీతం మీది. దానిపై ఇంకొంత ఖర్చు పెడతానంటే నేను అడ్డు చెప్పను. అడ్డు చెప్పేది ఆ ఎఫ్‌డీ దగ్గరే. గడువుకు ముందే తీస్తే, డబ్బు ఎంతకాలం ఉందో అంతకాలానికి వర్తించే వడ్డీనే బ్యాంకు ఇస్తుంది. అందులోనూ చాలా బ్యాంకులు అర శాతం నుంచి ఒక శాతం దాకా కోత వేస్తాయి. అసలు నష్టం అది కాదు. ఫీజు కట్టే రోజున ఆ 2,35,000కు విద్యారుణం తీసుకోవలసి వస్తుంది. పది శాతం వడ్డీకి నాలుగేళ్లలో తీర్చితే నెల వాయిదా సుమారు 5,960, మొత్తం వడ్డీ 51 వేలు. అంటే డీలరు చెప్పిన సరుకు మీకు 2,86,000 రూపాయలకు పడుతుంది. ఎఫ్‌డీని కదపకండి.

నెలకు మిగిలే ఏడు వేలతోనే ఈ పని జరుగుతుంది. డీలరు జాబితాలో చివర ఉన్న ఎర్తింగ్‌ను ముందుకు తెచ్చి, ముందున్న కండిషనర్‌ను చివరకు తోస్తే చాలు.

మొదటి పదిహేను రోజులు మీటరు తప్ప ఏమీ కొనవద్దు. ఒక డిజిటల్ మల్టీమీటర్ తెచ్చుకుని ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం, రాత్రి ఏడింటికి, పదింటికి ప్లగ్గు దగ్గర వోల్టేజీ చూసి పుస్తకంలో రాయండి. చేయి అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మన దేశంలో ఇళ్లకు రావలసింది 230 వోల్టులు. 207 నుంచి 253 మధ్య ఊగుతుంటే మంచి ఆంప్లిఫయర్‌కు చాలావరకు ఇబ్బంది ఉండదు. రాత్రి ఏడింటికి 190కి దిగిపోతోందంటే అప్పుడు వోల్టేజీని నిలకడగా ఉంచే సర్వో స్టెబిలైజర్ గురించి ఆలోచించాలి. న్యూట్రల్‌కూ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కూడా రాయించండి. రెండు మూడు వోల్టులు దాటి కనిపిస్తే వైరింగులోనో ఎర్తింగులోనో లోపం వెతకాలి.

ఇక ఆ మోత. డీలరు దాన్ని కరెంటు మురికి అన్నారు కాబోలు. నాకు మొదట అనుమానం వచ్చేది డిష్ కేబుల్ మీద. టీవీని కూడా ఆంప్లిఫయర్‌కు కలిపి ఉంటే, డిష్ వైపు నుంచి ఒక ఎర్త్, ప్లగ్గు వైపు నుంచి మరో ఎర్త్ ఏర్పడి, రెండింటి మధ్య 50 హెర్ట్జ్ కరెంటు తిరుగుతుంది. స్పీకరులో మోతగా వినిపించేది అదే. ఈ రాత్రే డిష్ కేబుల్ పీకి చూడండి. మోత ఆగితే, సంగీతం వినేటప్పుడు ఆ కేబుల్ పీకి ఉంచి, అన్ని పరికరాలనూ ఒకే బోర్డు నుంచి నడపండి. దీనికి దాదాపు ఖర్చే లేదు. ఆగకపోతే రికార్డు ప్లేయర్ ఎర్త్ తీగ ఆంప్లిఫయర్‌కు సరిగా బిగించి ఉందో లేదో చూడండి. మోత పోవడానికి ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయమని ఎవరైనా చెబితే మాత్రం వినకండి. అది ప్రాణాల మీదికి తెస్తుంది.

నేను డబ్బు కేటాయించే వరుస ఇది. మొదటి రెండు మూడు నెలల మిగులు, సుమారు 15,000, మంచి ఎర్తింగ్ గుంతకూ, మెయిన్ బోర్డు నుంచి సంగీతం గదికి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకూ, దానికో ఎంసీబీకీ (కరెంటు మితిమీరితే తనంతట తానే ఆపేసే స్విచ్చు). తర్వాత 8,000 మెయిన్ బోర్డులో, ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీని అడ్డుకునే సర్జ్ ప్రొటెక్టర్‌కూ, వోల్టేజీ హద్దు మీరితే సరఫరా కట్ చేసే పరికరానికీ. ఈ రెండో పరికరం గురించి గట్టిగా చెబుతాను. ఒక గాలివాన తర్వాత మా వీధిలో న్యూట్రల్ తీగ తెగింది. అలా జరిగితే 230 రావలసిన ఇంటికి 400 దగ్గర దాకా రావచ్చు. ఆ రాత్రి మా నాన్నగారి పాత ఆంప్లిఫయర్ కాలిపోయింది. ఆయన మళ్లీ కొనుక్కోలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చూసిన మీ గజపతి జిల్లా వారికి గాలివాన సంగతి నేను చెప్పనక్కర్లేదు. పిడుగుల వేళ ప్లగ్గూ డిష్ కేబులూ పీకేయడానికి మించిన రక్షణ ఇంకా రాలేదు.

మీ పుస్తకంలోని అంకెలు అవసరమని చెబితేనే స్టెబిలైజర్‌కు మరో 15,000. మొత్తం 38,000. ఆరు నెలల్లో అప్పు లేకుండా పూర్తవుతుంది.

విదేశీ కేబుల్ నేను కొననివ్వను. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మీ గోడ దాకా అల్యూమినియం తీగ మీద వచ్చిన కరెంటును చివరి రెండు మీటర్ల కేబుల్ మార్చలేదు. కండిషనర్ మాత్రం కొన్ని ఇళ్లలో నిజంగా పనికొస్తుంది. పై పనులన్నీ అయ్యాక కూడా మనసు లాగితే, వారం రోజులు ఇంట్లో పెట్టి చూసి తిరిగి ఇచ్చేయవచ్చని రాతపూర్వకంగా తీసుకోండి. మీకు కనిపించకుండా అమ్మాయిని దాన్ని పెట్టమనీ తీయమనీ చెప్పి, మీకు బాగా తెలిసిన కీర్తన ఒకటి పదిసార్లు వినండి. తేడా పట్టుకోగలిగితే, అప్పుడు దానికోసం నెలనెలా పొదుపు మొదలుపెడదాం.

బీమా విషయం. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో అగ్ని, పిడుగు, తుపాను, వరద నష్టాలకు రక్షణ ఉంది. ఇంటికి చేసిన బీమాలో 20 శాతం దాకా, గరిష్ఠంగా పది లక్షల వరకు, ఇంట్లో సామానుకూ వర్తిస్తుంది. అయితే షార్ట్ సర్క్యూట్ వల్లో, ఎక్కువ వోల్టేజీ వల్లో ఒక పరికరం తనంతట తాను కాలిపోతే, ఆ పరికరానికి పరిహారం ఇవ్వరు. దానికి విద్యుత్ లోపాల రక్షణ విడిగా అడిగి తీసుకోవాలి. బిల్లులు లేకపోతే విలువ నిరూపించడం కష్టం. ఆరున్నర లక్షల రసీదులన్నీ ఫోనులో ఫొటోలు తీసి దాచండి.

పదిహేను రోజుల రీడింగులు రోజూ 207 కంటే కిందే ఉంటే తప్పు మీ ఇంట్లో లేకపోవచ్చు. పక్కింటి వారి వోల్టేజీ కూడా చూడండి. అక్కడా అంతే ఉంటే ఇద్దరూ కలిసి విద్యుత్ పంపిణీ సంస్థకు ఫిర్యాదు ఇవ్వండి. అది పైసా ఖర్చు లేని పని. ఒడియాలో రాస్తే పని త్వరగా కదులుతుంది. అమ్మాయి బడిలో నేర్చుకునే ఉంటుంది కాబట్టి ఆమెతోనే రాయించండి. రీడింగుల నకలు జతచేసి, ఫిర్యాదు నంబరు దాచుకోండి. కదలిక లేకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్లేటప్పుడు మొదట అడిగేది ఆ నంబరే.