ఆ రెండు నల్ల పెట్టెలు ఇక నీవి

చి. అమ్మడికి,

మావయ్య ఆశీస్సులు. నీ మెసేజ్ రాత్రి చూశాను. ఇన్నాళ్ళూ డెస్క్‌టాప్‌లూ ప్రింటర్లూ చూసుకునేదాన్ని, ఇప్పుడు స్టోరేజ్ మొత్తం నా నెత్తిన పెట్టారు, టెన్షన్‌గా ఉంది మావయ్యా అన్నావు. పాతాయన ఒక్క పేజీ రాసిచ్చి వెళ్ళిపోయాడనీ, అందులో సగం పాస్‌వర్డ్‌లేననీ అన్నావు. ఆ సగమైనా ఇచ్చాడు, సంతోషించు. నేను చేరినప్పుడు అదీ ఇవ్వలేదు. ఫోన్‌లో చెబితే ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేస్తావు కాబట్టి రాస్తున్నాను.

పాస్‌వర్డ్‌లు ఇవాళే మార్చెయ్. అది తప్ప రెండు వారాల పాటు ఏ సెట్టింగూ ముట్టుకోకు. నోటుబుక్కు పట్టుకుని సర్వర్ రూములోకి వెళ్ళు. నువ్వు చెప్పినదాన్ని బట్టి అక్కడి రెండు నల్ల పెట్టెల్లో ఒకటి నాస్, ఒకటి శాన్. రెండూ బోలెడు డిస్కులు పెట్టుకుని నెట్‌వర్క్ మీదుగా జాగా ఇచ్చే బాక్సులే. నాస్ మీద అందరూ ఫోల్డర్లలా తెరుచుకునే షేర్లుంటాయి. శాన్ అలా కాదు, సర్వర్‌కి ఉత్త డిస్కులాంటి లన్ ఒకటి ఇచ్చి ఊరుకుంటుంది. దాని మీద ఏం రాసుకున్నారో దానికి పట్టదు. కంపెనీ లెక్కలన్నీ నడిపే మీ ఈఆర్‌పీ డేటాబేసూ, వర్చువల్ మెషీన్లూ (ఒకే సర్వర్‌లో సాఫ్ట్‌వేర్‌గా నడిచే కంప్యూటర్లు) దాని మీదే ఉండి ఉంటాయి. అందుకే శాన్ దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. ఒక లన్‌ని పొరపాటున వేరే సర్వర్‌కి చూపించావనుకో, ఆ సర్వర్ దాన్ని కొత్త డిస్కనుకుని ఇనిషియలైజ్ చెయ్యనా, అంటే ఖాళీ డిస్కులా కొత్తగా మొదలుపెట్టనా అని అడుగుతుంది. అర్ధరాత్రి నిద్రమత్తులో ఎవరో ఒకరు ఓకే నొక్కుతారు.

నోటుబుక్కులో ఒక్కో లన్‌కి, ఒక్కో షేర్‌కి ఒక్కో వరస రాయి. ఏ సర్వర్ వాడుతోంది, ఏ స్విచ్ పోర్టు నుంచి వెళ్తోంది, ఇది ఆగితే మొట్టమొదట ఎవరు ఫోన్ చేస్తారు. ఆ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. ఎవరూ నాది అనని లన్ ఒకటో రెండో తప్పకుండా దొరుకుతాయి. డిలీట్ చెయ్యాలని చెయ్యి దురదపెడుతుంది. సర్వర్ నుంచి విడదీసి పక్కన పెట్టు అంతే, క్వార్టర్ ఎండ్ దాటేదాకా ఆగు. అకౌంట్స్ వాళ్ళకి మూడు నెలలకోసారి మాత్రమే గుర్తొచ్చే ఫైళ్ళుంటాయి. పైగా మీది ఫార్మా. అమెరికాకి పంపే మందుల బ్యాచ్ రికార్డులు ఆ మందు ఎక్స్‌పైరీ దాటాక కూడా కనీసం ఏడాది ఉంచాలని అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధన. నీకు చెత్తలా కనిపించే ఫోల్డరే రేపు ఆడిటర్ అడిగేది కావచ్చు. క్వాలిటీ వాళ్ళు రాతపూర్వకంగా ఇవ్వనిదే ఏదీ తీసెయ్యకు.

ఇక డిస్కులు. ఒక డిస్కు పోవడం పెద్ద వార్తేమీ కాదు, అవి పోతూనే ఉంటాయి. పోయిన తర్వాత మనం చేసే పనితోనే ప్రమాదమంతా. నా సంగతి చెప్తాను. మీ అమ్మకి కూడా తెలియదు. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో పనిచేసేటప్పుడు ఎనిమిది డిస్కుల రెయిడ్ 5 బాక్సు ఉండేది. రెయిడ్ అంటే ఒక డిస్కు పోయినా డేటా పోకుండా చాలా డిస్కులని ఒకటిగా కట్టే పద్ధతి. స్క్రీన్ మీద 3వ డిస్కు ఫెయిల్ అని వచ్చింది. వెళ్ళి ఎడమ నుంచి మూడోది లాగేశాను. ఆ బాక్సు సున్నా నుంచి లెక్కపెడుతుంది, నేను ఒకటి నుంచి లెక్కపెట్టాను. పోయిన డిస్కు లోపలే ఉంది, బాగున్నది నా చేతిలో ఉంది. రెయిడ్ 5 ఒక్క డిస్కు పోతేనే తట్టుకుంటుంది, రెండోది నేను తీసేశాను కదా. వాల్యూమ్ మొత్తం పడిపోయింది. టేపుల నుంచి తిరిగి ఎక్కించడానికి రెండు రోజులు పట్టింది. చివరి టేపు తర్వాతి ఒక రోజు బిల్లులన్నీ ఆఫీసు పిల్లలు కాగితాలు చూసి మళ్ళీ కొట్టారు. వాళ్ళెవరూ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

అందుకని నువ్వు చెయ్యాల్సింది ఇది. బాక్సు మేనేజ్‌మెంట్ స్క్రీన్‌లో ఆ డిస్కు లైటు వెలిగించే ఆప్షన్ ఉంటుంది, అది నొక్కు. స్క్రీన్ మీది సీరియల్ నంబర్ రాసుకో. డిస్కు తీసేముందు పక్కన ఇంకొకరిని నిలబెట్టుకుని, ఏది తీస్తున్నావో పైకి చదువు. సెక్యూరిటీ గార్డునైనా సరే నిలబెట్టుకో, నవ్వితే నవ్వనీ.

కొత్త డిస్కు పెట్టాక రీబిల్డ్, అంటే పోయిన డిస్కులోని డేటాని మిగతావాటి నుంచి లెక్కగట్టి కొత్తదాంట్లో నింపడం, మొదలవుతుంది. ఇక్కడ లెక్క వేసుకోవాలి. 16 టెరాబైట్ల డిస్కుని సెకనుకి 200 మెగాబైట్ల చొప్పున నింపినా 22 గంటలు పడుతుంది. అదీ వేరే పనేమీ లేకపోతే. పగలు అందరూ వాడుతుంటే రెండు మూడు రోజులు. అన్ని గంటలూ మిగతా డిస్కులన్నీ ఊపిరాడకుండా చదువుతూనే ఉంటాయి. అవీ అదే రోజు కొన్న అదే వయసు డిస్కులు. ఇంకోటి పోవడానికి అంతకన్నా మంచి ముహూర్తం ఉండదు. పెద్ద డిస్కులున్న చోట రెండు పోయినా తట్టుకునే రెయిడ్ 6 ఉండాలనేది అందుకే. డేటాబేసుకి రెయిడ్ 10 మేలు, డిస్కులు ఎక్కువ పట్టినా రాత వేగంగా ఉంటుంది. మీ బాక్సులో రెయిడ్ 5 కనిపిస్తే కంగారుపడకు, కొత్త బాక్సు కొనేటప్పుడు మార్పించు. అప్పటిదాకా బీరువాలో ఒక స్పేర్ డిస్కు ఉండాలి. కొరియర్ వచ్చేదాకా ఆగే పని కాదు.

ఒకే వయసు డిస్కులని ఎందుకు అంతగా చెబుతున్నానంటే, 2019 నవంబరులో సర్వర్లూ స్టోరేజీ అమ్మే హెచ్‌పీఈ కంపెనీ తన కస్టమర్లకి ఒక హెచ్చరిక పంపింది. కొన్ని ఎస్ఎస్‌డీల (తిరిగే భాగాలు లేని డిస్కులు) ఫర్మ్‌వేర్‌లో, అంటే డిస్కు లోపల నడిచే సాఫ్ట్‌వేర్‌లో, ఒక లోపం ఉంది, సరిగ్గా 32,768 గంటలు నడిచాక, అంటే 3 ఏళ్ళ 270 రోజుల 8 గంటలకి, డిస్కూ పోతుంది, డేటా కూడా తిరిగి రాదు. ఒకే రోజు ఆన్ చేసిన డిస్కులు ఒకేసారి పోతే ఏ రెయిడ్ ఏం చేస్తుంది? కొత్త ఫర్మ్‌వేర్ వేసుకున్నవాళ్ళు బయటపడ్డారు. వెండర్ మెయిళ్ళు నీ సొంత ఐడీకి వస్తున్నాయో, పాతాయన ఐడీకే వెళ్తున్నాయో చూడు. ఏఎంసీ (ఏటా చేసుకునే మరమ్మతుల ఒప్పందం) ఎప్పటితో ముగుస్తుందో కూడా అదే రోజు చూసి, మీ మేనేజర్‌కి మెయిల్ పెట్టెయ్.

జాగా సంగతి. మీ బాక్సులో థిన్ ప్రొవిజనింగ్ ఆన్ చేసి ఉంటారు. అంటే అందరికీ కలిపి ఉన్న పూల్ కన్నా ఎక్కువ జాగా సర్వర్లకి ఇస్తానని మాటివ్వడం, పెళ్ళికి అయిదొందల మందికి శుభలేఖలు పంచి మూడొందల మందికి వండించినట్టు. మామూలుగా సరిపోతుంది. అందరూ వచ్చారంటే పరువు పోతుంది. ఒక్కో సర్వర్‌కి నా డిస్కులో ఇంకా సగం ఖాళీ ఉంది అనిపిస్తూనే ఉంటుంది, అడుగున పూల్ మాత్రం నిండిపోతుంది. నిండిన క్షణాన ఆ పూల్‌లోని లన్‌లన్నిటికీ రాత ఆగిపోతుంది, తప్పు చేసిన ఒక్క లన్‌కే కాదు. కాబట్టి సర్వర్లలో కనిపించే ఖాళీని నమ్మకు, పూల్‌ని చూడు. 70 శాతానికి మెయిల్ వచ్చేలా పెట్టు. 80కి కొత్త డిస్కుల ఫైలు కదిలి ఉండాలి, ఎందుకంటే మీ పర్చేజ్ వాళ్ళు మూడు కొటేషన్లు తెప్పించేలోపు మిగతా 20 నిండుతుంది. స్నాప్‌షాట్లు, అంటే ఒక క్షణాన డేటా ఎలా ఉందో అలా పట్టి ఉంచేవి, అవి కూడా అందులోంచే తింటాయి. ఎప్పుడో అప్‌గ్రేడ్‌కి ముందు తీసి మర్చిపోయినవి ఉంటాయి, వెతుకు.

సిస్టమ్ స్లో అని వచ్చే ఫోన్లకి ఎక్కువ రాయను. టైము అడుగు. రోజూ ఉదయం పదింటికే అయితే రాత్రి బ్యాకప్ ఇంకా పూర్తికాలేదేమో చూడు. 7,200 ఆర్‌పీఎం డిస్కు ఒకటి చెదురుమదురు రాతలూ చదువులూ సెకనుకి సుమారు వందకి మించి చెయ్యలేదు, దాన్ని ఇద్దరు లాగితే ఇద్దరికీ నెమ్మదే. స్టోరేజ్ ట్రాఫిక్, ఆఫీసు ట్రాఫిక్ ఒకే స్విచ్‌లో కలిసి ఉంటే విడదీయించు. జంబో ఫ్రేములు, అంటే నెట్‌వర్క్‌లో మామూలు కన్నా పెద్ద ప్యాకెట్లు, పెడితే సర్వరూ స్విచ్చూ బాక్సూ అన్నిట్లోనూ 9000 బైట్లు పెట్టాలి, ఒక్కచోట మరిచినా చిన్న ఫైళ్ళు బాగానే వెళ్ళి పెద్దవి ఆగుతాయి, నువ్వు వారం రోజులు జుట్టు పీక్కుంటావు.

బ్యాకప్ గురించి మాత్రం నిదానంగా చదువు. రెయిడ్ అనేది డిస్కు పోతే కాపాడుతుంది. స్నాప్‌షాట్ పొద్దున ఎవరో చెరిపేసిన ఫైలు మధ్యాహ్నం తెచ్చిస్తుంది, కానీ అదే బాక్సులో ఉంటుంది, బాక్సుతో పాటే పోతుంది. బ్యాకప్ అంటే ఇంకో బాక్సులో, ఒక కాపీ ఇంకో ఊళ్ళో. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలో డేజాన్ ప్రభుత్వ డేటా సెంటర్‌లో యూపీఎస్ బ్యాటరీల దగ్గర నిప్పంటుకుని, ఉద్యోగులు ఫైళ్ళు దాచుకునే జీ-డ్రైవ్ కాలిపోయింది. 858 టెరాబైట్లు. అంత పెద్దదానికి బయట బ్యాకప్ పెట్టలేదు. మీ యూపీఎస్ బ్యాటరీలు కూడా అదే రూములో ర్యాక్ పక్కనే ఉన్నాయన్నావు కదూ?

2017 మే నెలలో ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు మన ఆంధ్రా పోలీసుల కంప్యూటర్లు కూడా చిక్కుకున్నాయి. విండోస్‌లో ఫైళ్ళు పంచుకునే పద్ధతి ఎస్ఎంబీ, దాని పాత వెర్షన్ 1 లో ఉన్న లోపం మీదుగా అది పాకింది. మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే మార్చిలో ప్యాచ్ ఇచ్చింది. నీ నాస్‌లో వెర్షన్ 1 ఇంకా ఆన్‌లో ఉంటే ఆపెయ్. పాత స్కానర్ ఒకటి పనిచెయ్యడం మానేస్తుంది, దాని ఓనర్ వచ్చి గొడవపడతాడు, పడనీ. బ్యాకప్ బాక్సు పాస్‌వర్డ్ ఆఫీసు లాగిన్లన్నీ ఉండే డొమైన్‌తో కలపకు. డొమైన్ అడ్మిన్ పాస్‌వర్డ్ దొంగ చేతిలో పడితే వాడు మొదట వెతికేది బ్యాకప్‌నే. ఒక్క కాపీ అయినా అడ్మిన్ కూడా చెరపలేనిదై ఉండాలి.

అదే ఏడు జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ కంపెనీలో అలసిపోయిన ఒక ఇంజనీరు ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో డేటాబేస్ ఫోల్డర్ చెరిపేశాడు. వాళ్ళకి అయిదు రకాల బ్యాకప్ ఏర్పాట్లున్నాయి, అవసరానికి ఏదీ సరిగ్గా అందలేదు. డేటాబేస్ బ్యాకప్ చాలా రోజులుగా ఫెయిలవుతోంది. ఫెయిలైందని మెయిళ్ళు కూడా వెళ్తున్నాయి, కానీ మెయిల్ సర్వర్ వాటిని తిప్పికొడుతోంది. ఎవరో టెస్టింగ్ కోసం ఆరు గంటల ముందు చేత్తో తీసిపెట్టిన స్నాప్‌షాట్ దొరికింది కాబట్టి తేలారు. దీన్నుంచి నేను ఒక అలవాటు చేసుకున్నాను. ఫెయిలైతే మెయిల్ పంపు అని పెట్టను, బాగా అయితే పంపు అని పెడతాను. పొద్దున కాఫీ వేళకి ఆ మెయిల్ రాకపోతే అనుమానం.

ప్రతి నెలా ఏదో ఒక డిపార్ట్‌మెంట్ వాళ్ళని ఒక పాత ఫైలు పేరు చెప్పమని, దాన్ని బ్యాకప్ నుంచి తెచ్చి వాళ్ళ చేతే తెరిపించు. మూడు నెలలకోసారి ఈఆర్‌పీ డేటాబేసు మొత్తాన్ని వేరే సర్వర్ మీద లేపి, అకౌంట్స్‌లో ఎవరినైనా పిలిచి నిన్నటి ఇన్‌వాయిస్ చూపించమను. ఎన్ని గంటలు పట్టిందో రాసిపెట్టు. రేపు ఎండీ ఎంతసేపు పడుతుంది అని అరిస్తే చెప్పడానికి నీ దగ్గర ఒక అంకె ఉంటుంది.

మీ పక్క గాలివానలొస్తే కరెంటు గంటలకొద్దీ ఉండదు కాబట్టి ఇంకొకటి. ఆపేటప్పుడు ముందు అప్లికేషన్లు, తర్వాత సర్వర్లు, తర్వాత స్టోరేజ్, చివర స్విచ్‌లు. లేపేటప్పుడు తిరగేసి: స్విచ్‌లు, డిస్కు షెల్ఫులు, కంట్రోలర్లు, అన్నీ పచ్చలైట్లు వచ్చాక సర్వర్లు. ఇది ప్రింటు తీసి లామినేట్ చేయించి ర్యాక్ తలుపు లోపల అతికించు. ఫైలుగా నాస్‌లో పెట్టేవు, నాస్ ఆగిపోయాక దాన్ని తెరవలేవు.

బ్యాటరీలని వేరే గదిలోకి మార్చడానికి ఎంతవుతుందో మీ ఎలక్ట్రీషియన్ని అడుగు. లన్‌ల పట్టిక పూర్తయ్యాక ఫొటో తీసి పంపు, చూసి చెప్తాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పడుకుంటాను, డిస్కు పోతే తప్ప అప్పుడు చెయ్యకు.

మీ మావయ్య