రొయ్యల చెరువు పక్కన వరిచేనుకు పట్టిన చౌడు

ప్రశ్న: మా వరిచేనును ఆనుకొని మూడేళ్ల క్రితం ఉప్పునీటి రొయ్యల చెరువు తవ్వారు. అప్పటి నుంచి గట్టు వైపు నాట్లు ఆకు కొనలు ఎండి గిడసబారుతున్నాయి. వేసవిలో నేలపై తెల్లని పొర తేలుతోంది. జిప్సం చల్లమని ఎరువుల దుకాణంలో చెప్పారు. చల్లవచ్చునా?
– ఒక రైతు, భీమవరం ప్రాంతం

జవాబు: భూసార పరీక్ష చేయించకుండా చల్లవద్దు. జిప్సం ఉపయోగపడేది మట్టికణాలను సోడియం పట్టుకొని ఉండే కారు చౌడు నేలల్లో. మీరు చెప్పిన లక్షణాలను బట్టి మీది, కరిగే లవణాలు పేరుకొన్న పాల చౌడు కావచ్చు. ఉదజని సూచిక (పీహెచ్) 8.5 లోపు ఉండి, సంతృప్త మట్టి సారంలో, అంటే నీటితో పూర్తిగా తడిపిన మట్టి ముద్ద నుంచి తీసిన నీటిలో, విద్యుత్ వాహకత (కరిగిన ఉప్పు ఎంతో తెలిపే కొలత) మీటరుకు 4 డెసీసైమన్లు దాటితే పాల చౌడు అని, సూచిక 8.5 దాటి మార్పిడి సోడియం (మట్టికణాలు పట్టుకొన్న సోడియం వాటా) 15 శాతం మించితే కారు చౌడు అని లెక్క. కొన్ని ప్రయోగశాలలు ఒక వంతు మట్టికి రెండు వంతుల నీరు కలిపి వాహకతను కొలుస్తాయి. ఆ అంకె తక్కువగా వస్తుంది కనుక ఏ పద్ధతిలో కొలిచారో అడిగి తెలుసుకోండి. వరి దిగుబడి సంతృప్త సారంలో వాహకత 3 డెసీసైమన్లు దాటితేనే తగ్గడం మొదలవుతుంది.

చెరువులో నీటిమట్టం మీ చేను కంటే ఎత్తున నెలల తరబడి నిలిచి ఉండటంతో ఉప్పునీరు గట్టు అడుగు నుంచి పక్కకు ఊరుతూ వచ్చి, భూగర్భ జలాన్ని పైకి నెడుతుంది. వేసవిలో ఆ నీరు ఆవిరైపోగా ఉప్పు పైన మిగులుతుంది. ఆ ఊట ఆగనంతవరకు ఏ మందూ నిలవదు. కాబట్టి ముందు గట్టుకూ చేనుకూ మధ్య లోతైన బోదె తీయించి, దానిని పంట కాలువలోకి కాక మురుగు కాలువలోకి కలపండి. తర్వాత కాలువ నీరు వదిలినప్పుడు మడిలో మంచినీరు నిలిపి తీసివేయడం, నాట్లకు ముందు రెండు మూడుసార్లు చేయాలి. మురుగు పోయే దారి లేకుండా చేస్తే ఉప్పు కిందికి దిగి మళ్లీ పైకి వస్తుంది. డెల్టాలో మురుగు కాలువలు పూడిపోయి ఉండటమే అసలు చిక్కు. జీలుగ వేసి పూత దశలో కలియదున్నడం కూడా మేలు చేస్తుంది.

వ్యవసాయ భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. అందువల్ల ఆ చెరువుకు అనుమతి ఉన్నదో లేదో మత్స్యశాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. మట్టి నమూనాలను వేసవిలో గట్టు దగ్గర నుంచి, చేను అవతలి అంచు నుంచి వేర్వేరుగా తీసి పరీక్ష చేయించి, ఆ రెండు ఫలితాలను కలెక్టరుకు ఇచ్చే ఫిర్యాదుకు జతచేయండి.